మూడొందల పన్నెండు దగ్గర

చేపలరేవు ఆఫీసు మేడమీద గది నాది.
కిటికీ అవతల ఐస్ ఫ్యాక్టరీ, దాని వెనక డాల్ఫిన్ కొండ.
వాన పట్టుకుంటే ముందు కొండ పోతుంది,
తర్వాత ఐస్ ఫ్యాక్టరీ.
తుపాను రోజుల్లో తిరిగొచ్చిన బోట్ల జాబితా పెట్టడం నా పని.
కాంట్రాక్టు ఉద్యోగం.

జాబితా పొడుగు.
పైన శాఖ పేరు, ముద్ర, ఎవరిదో పెద్ద నవ్వు,
హెచ్చరికలు, ఫోన్ నెంబర్లు, వాటికింద మళ్లీ హెచ్చరికలు.
ఆ దిగువెక్కడో మొదలవుతుంది సముద్రం.

తెడ్డు పరదేశమ్మ మెట్లెక్కి వచ్చింది.
బుట్ట గుమ్మం బయట పెట్టింది, వాసన లోపలికొచ్చింది.
అద్దం పగిలిన ఫోను నా ముందుకు తోసి
"నువ్వంపింది తెరిత్తే ఎప్పుడూ ఆ పెద్దోల్ల బొమ్మకాడే తెరుసుకుంటాది బాబూ.
మా నెంబరు జాగాకెల్లేసరికి నా బొటనేలు అరిగిపోతంది.
రేవులోకి తెచ్చి ఒగ్గేత్తే సాల్దు,
జెట్టీకి కట్టాల. బేగి కట్టు."

ఆ రాత్రి కట్టడం మొదలెట్టాను.
ప్రతి బోటు వరసకీ ఒక గుర్తు.
మధ్యలో ఖాళీ ఉండకూడదు,
ఒకే గుర్తు రెండు బోట్లకి ఉండకూడదు,
వరసలో రాసిందే లింకులోనూ రాయాలి, అక్షరం తేడా రాకుండా.
లింకు చివర ఒక హాష్:
రెండు నిలువు గీతలు, రెండు అడ్డం,
నడుమ ఒకే ఒక్క వల కన్ను.
దాని తర్వాత బోటు నెంబరు.
ద్వారకానగర్లో మూడో అంతస్తు ఏసీ క్లాసులో
దీన్ని యాంకర్ అంటారని చెప్పారు మా సారు.
లంగరు అన్న మాట
ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు.
నాక్కూడా.

మొదటిసారి తప్పాను.
పేజీ సరిగ్గా వరస దగ్గరే ఆగింది గాని
పైన అంటుకుని కదలని పట్టీ
బోటు పేరుని కప్పేసింది.
శాఖ పేరు కింద మునిగిపోయిన బోట్లు!
ఒక్కో వరస పైనా రెండు వేళ్ల జాగా వదిలాను.
అప్పుడు తేలాయి.

తెల్లారి ఎవరి లింకు వాళ్లకి పంపాను.
టీ కొట్టు దగ్గర సూరాడ ఎల్లాజీ ఒక్కసారి నొక్కాడు,
తన బోటు, తన పేరు, ఒడ్డుకి చేరిన టైము.
పక్కవాడికి చూపించి మళ్లీ నొక్కాడు.

పరదేశమ్మ మధ్యాహ్నం వచ్చింది.
"మల్లీ ఆ బొమ్మకాడే ఆగిపోనాది."

లేని గుర్తుని అడిగితే
పేజీ తప్పని చెప్పదు, కోప్పడదు,
ఏమీ అడగనట్టే పైన నిలబడి ఉంటుంది.
జాబితా తిరిగొచ్చినవాళ్లది.
మూడొందల పదకొండు తర్వాత మూడొందల పదమూడు.

"నీ పనిలోనే ఏదో తప్పుంటాది, సూడు బాబూ" అంది.
"ఉందమ్మా, చూస్తాను" అన్నాను.

రాత్రి ఆ రెండింటి మధ్య ఒక వరస తెరిచాను.
నెంబరు. బోటు పేరు. ముగ్గురు మనుషుల పేర్లు.
చివరి గడిలో 'రాలేదు' అని కొట్టి చెరిపాను.
'ఆచూకీ లేదు' అని కొట్టి
అదీ చెరిపాను.
గుర్తు మాత్రం గట్టిగా కట్టాను.

పైఆఫీసరు అడిగాడు: "వచ్చిన బోట్ల జాబితాలో ఇదేంటి?"
"లింకు ఆగడానికి సార్" అన్నాను.
టెక్నికల్ విషయం అనుకుని ఊరుకున్నాడు.

ఆవిడకి చదువు రాదు.
నెంబరు తెలుసు, బోటు ముక్కు మీద ఎర్ర రంగుతో రాయించింది తనే.
మెట్ల కిందనుంచే కేకేసింది:
"ఇప్పుడు సరిగ్గా ఆగతంది బాబూ!
మా జాగాకాడే ఆగతంది."

వాన తెరిపిచ్చింది.
ముందు ఐస్ ఫ్యాక్టరీ వచ్చింది.
కొండ ఇంకా రాలేదు.